కెమిస్ట్రీ డిగ్రీ: ఏది ముందు, ఏది తరవాత

బీఎస్సీ కెమిస్ట్రీలో కోర్సుల వరుస మూడు చోట్ల నిర్ణయమవుతుంది. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు ఉండాలో విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ తేలుస్తుంది. ఏ రోజు ఏ గంటకు క్లాసు, ఏ పూట ల్యాబ్ అన్నది కాలేజీ టైంటేబుల్ చెబుతుంది. మైనర్ సబ్జెక్టు, ఎంపిక కోర్సులు, వేసవి ఇంటర్న్‌షిప్, పీజీ ప్రవేశ పరీక్షలకు చదవడం వంటివి విద్యార్థి చేతిలో ఉంటాయి. పై రెండు చోట్ల అంతా సవ్యంగా జరిగినా, విద్యార్థి మొదటి ఏడాదిలో ఆలోచించకుండా తీసుకున్న ఒక నిర్ణయం మూడో ఏడాదిలో గుదిబండ కావచ్చు. అందుకే ఈ విషయాన్ని సిలబస్ తయారుచేసేవారి దృష్టితోనూ, చదివేవారి దృష్టితోనూ కలిపి చూడాలి.

చరిత్ర విద్యార్థులు విజయనగరాన్ని ముందు చదివి శాతవాహనులను తరవాత చదివినా పెద్దగా నష్టపోరు. కెమిస్ట్రీలో ఆ వెసులుబాటు తక్కువ. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా అమరి ఉంటాయో తెలియకపోతే బంధాలు అర్థం కావు. బంధాలు, ఆమ్లక్షార ధర్మాలు, రెజొనెన్స్ పట్టుబడకుండా కర్బన చర్యల్లోకి దిగితే చర్యావిధానాలన్నీ బట్టీ పట్టాల్సిన బాణం గుర్తులుగానే మిగిలిపోతాయి. డి-ఆర్బిటాళ్ల ఆకారాలు తెలిస్తేనే సమన్వయ సమ్మేళనాలకు ఆ రంగులు ఎలా వచ్చాయో తెలుస్తుంది. ఐఆర్, ఎన్‌ఎంఆర్ వర్ణపటాలు చదవాలంటే కర్బన రసాయనంలోని ప్రమేయ సమూహాలు తెలియాలి. అణువుల శక్తి విడివిడి మెట్లుగా ఉంటుందన్న క్వాంటం భావన కూడా తెలియాలి. ఇలా ఒకదానికొకటి ముడిపడిన గొలుసుల్లో అన్నిటికన్నా పొడవైనది ఏదో గుర్తించి, మిగతా ప్రణాళికను దాని చుట్టూ కట్టుకోవాలి. ఆ పొడవైన గొలుసుకు మొదటి కొస గణితంలో ఉంది. రెండో కొస భౌతిక రసాయనంలో, సాధారణంగా మూడో ఏడాదిలో తేలుతుంది.

ప్రథమ క్రమాంక చర్యకు రేటు సమీకరణం రాబట్టాలంటే సమాకలనం, సహజ సంవర్గమానం కావాలి. ఉష్ణగతిక శాస్త్రంలో ఎంట్రోపీ, గిబ్స్ శక్తి దాకా వచ్చేసరికి పాక్షిక అవకలనాలు వచ్చి కూర్చుంటాయి. మాక్స్‌వెల్ సంబంధాలైతే పాక్షిక అవకలనాల రూపంలోనే ఉంటాయి. పెట్టెలోని కణానికి శక్తి స్థాయిలు లెక్కగట్టడమంటే రెండో తరగతి అవకలన సమీకరణాన్ని సాధించడమే. హకెల్ పద్ధతికి నిర్ధారకాలు, అణువుల సౌష్ఠవానికి మాత్రికలు అవసరం. ల్యాబ్‌లో అయిదుసార్లు చేసిన టైట్రేషన్ విలువల్లో ఎంత దోషం ఉందో చెప్పడానికి సాంఖ్యకశాస్త్రం కావాలి. ఇవన్నీ చిన్న చిన్న పనిముట్లే. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారికి చాలావరకు పరిచయమైనవే. ఎంపీసీ చదవనివారికి మాత్రం ఒక్కొక్కటి ఒక్కో గోడ.

తెలుగు రాష్ట్రాల్లో కెమిస్ట్రీ చదివే పిల్లల్లో చాలామంది బైపీసీ నుంచి వస్తారు. బీజడ్‌సీలో, అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన కాంబినేషన్‌లో, గణితం ఊసు ఉండదు. భౌతికశాస్త్రం కూడా ఇంటర్‌తో ఆగిపోతుంది. పదో తరగతిలో వదిలేసిన లెక్కలు డిగ్రీ చివర్లో ఒక్కసారిగా ఎదురుపడితే ఆ పిల్లలు భౌతిక రసాయనాన్ని చూసి భయపడటంలో వింతేమీ లేదు. తప్పు వాళ్ల తెలివితేటలది కాదు, వరుసది. వారికి మొదటి రెండు సెమిస్టర్లలోనే అవకలనం, సమాకలనం, సంవర్గమానాలు, గ్రాఫులు నేర్పే పాఠం ఉంటే చివరి ఏడాది పరిస్థితి వేరుగా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒక్క సబ్జెక్టునే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాథమికాంశాలను కలిపి ఉమ్మడి కోర్సులుగా పెట్టారు. మేజర్ పాఠాలు రెండో సెమిస్టర్‌లో మొదలయ్యాయి. ఆలోచన మంచిది. కాకపోతే లెక్కలు మరిచిపోయిన విద్యార్థికి ఒక్క సెమిస్టర్ వంతెన చిన్నది. ఆ లోటును మైనర్ పూడ్చగలదు. కెమిస్ట్రీ మేజర్‌గా తీసుకున్నవారు ఎమ్మెస్సీ భౌతిక రసాయనం వైపో, పరిశోధన వైపో చూస్తుంటే గణితమో భౌతికశాస్త్రమో మైనర్‌గా తీసుకోవడం మేలు. జీవరసాయనం, ఔషధాల వైపు వెళ్లాలనుకునేవారికి జంతుశాస్త్రమో సూక్ష్మజీవశాస్త్రమో ఉపయోగపడుతుంది. అయినా కలనగణితంలో ఒక చిన్న కోర్సు వారికీ తప్పదు. కాలేజీలో అది లేకపోతే స్వయం ఆన్‌లైన్ వేదికలో దొరుకుతుంది. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు బదిలీ చేసుకునే వీలును యూజీసీ 2021 నిబంధనలు ఇచ్చాయి. ఆ వీలును కాలేజీ అమలు చేస్తోందా లేదా అన్నది చేరిన వారంలోనే అడిగి తెలుసుకోవాలి.

మొదటి సెమిస్టర్ మీద మరో బరువు కూడా ఉంది. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా ద్రావణి, ద్రావితం, అవక్షేపం, ఉత్ప్రేరకం అని చదివిన విద్యార్థికి అవే భావాలు కొత్త పేర్లతో ఎదురవుతాయి. పాఠం కొత్తది కాకపోయినా పేరు కొత్తదైతే బుర్ర పని రెట్టింపవుతుంది. అందువల్ల మొదటి సెమిస్టర్‌లో బరువైన సిద్ధాంతాలు కుక్కకుండా మోల్ లెక్కలు, ద్రావణాల గాఢత, ఆవర్తన ధర్మాల వంటి తెలిసిన విషయాలనే కొత్త భాషలో స్థిరపరచడం తెలివైన పని.

కెమిస్ట్రీ శాఖలను ఎలా పేర్చాలన్న దానిపై రెండు పద్ధతులు ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం సీబీసీఎస్ (ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతి) సిలబస్ మొదటి పద్ధతికి ఉదాహరణ. అందులో తొలి సెమిస్టర్ల పేపర్లలో అకర్బన, కర్బన, భౌతిక, సాధారణ రసాయనాలకు తలా ఒక యూనిట్ చొప్పున నాలుగు యూనిట్లు ఉంటాయి. విద్యార్థి అన్ని శాఖలనూ ప్రతి సెమిస్టర్‌లో కొంచెం కొంచెం చదువుతాడు. దేన్నీ పూర్తిగా మరిచిపోయే ప్రమాదం ఉండదు, గణితం నేర్చుకోవడానికి సమయమూ దొరుకుతుంది. మూడు మేజర్ సబ్జెక్టుల కాంబినేషన్‌లో కెమిస్ట్రీకి సెమిస్టర్‌కు ఒకే పేపర్ దక్కుతుంది కాబట్టి ఈ అమరిక దాదాపు అనివార్యం కూడా. లోపం ఏమిటంటే, కర్బన రసాయనంలో ఒక ఆలోచన వేడెక్కేలోపే యూనిట్ అయిపోతుంది. ఆల్డిహైడ్‌లు ఒక సెమిస్టర్‌లో, వాటి నుంచి వచ్చే చర్యలు మరో సెమిస్టర్‌లో పడితే మధ్యలో దారం తెగుతుంది. పైగా ఒక్క శాఖను వదిలేసి మిగతా మూడు యూనిట్లతో గట్టెక్కే అలవాటు పిల్లలకు పడుతుంది. అలా వదిలేసేది ఎక్కువసార్లు భౌతిక రసాయనాన్నే.

రెండో పద్ధతిలో ఒక్కో శాఖకు విడిగా కోర్సులు ఉంటాయి. సింగిల్ మేజర్‌లో ఇది సాధ్యపడింది. సాధారణ, అకర్బన రసాయనాలతో మొదలుపెట్టి, తరవాత కర్బన, భౌతిక రసాయన కోర్సులను సమాంతరంగా నడిపి, విశ్లేషణ పద్ధతులను, వర్ణపట శాస్త్రాన్ని వెనక పెడతారు. ఒక శాఖలో లోతుగా దిగడానికి ఇది మంచిది. కర్బన రసాయనం ఒక సెమిస్టర్‌లో ఆపి, ఏడాది విరామం తరవాత మళ్లీ మొదలుపెట్టే పరిస్థితి రాకుండా చూసుకుంటే చాలు. కెమిస్ట్రీ ఒక్కటే ప్రధానమైన విద్యార్థికి రెండో పద్ధతే మెరుగు. మూడు సబ్జెక్టుల విద్యార్థికి మొదటిదే సరిపోతుంది, యూనిట్ల మధ్య ముడులను అధ్యాపకులు శ్రద్ధగా వేస్తే.

అమెరికాలో అమరిక ఇంకో తీరుగా ఉంటుంది. మొదటి ఏడాది జనరల్ కెమిస్ట్రీ, రెండో ఏడాది ఆర్గానిక్, మూడో ఏడాది ఫిజికల్ కెమిస్ట్రీ. ఫిజికల్‌లో చేరాలంటే అంతకు ముందే కలనగణితం, భౌతికశాస్త్రం పూర్తిచేసి ఉండాలన్నది అక్కడ సాధారణ నియమం. అది లేకుండా రిజిస్ట్రేషన్ వ్యవస్థే సీటు ఇవ్వదు. అమెరికన్ కెమికల్ సొసైటీ గుర్తింపునకు 2015 మార్గదర్శకాలు విశ్లేషణ, జీవరసాయనం, అకర్బన, కర్బన, భౌతిక రసాయనాలనే అయిదు పునాది విభాగాలను, తొలి ఏడాది ల్యాబ్ కాకుండా 400 గంటల ల్యాబ్ పనిని కోరాయి. అక్కడ చాలా చిన్న కాలేజీల్లో రెండు భాగాల కోర్సు ఏడాదికి ఒక్కసారే ఉంటుంది. మొదటి భాగం తప్పితే ఏడాది ఆగాల్సిందే. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు మెడిసిన్ ఆశతో జనరల్, ఆర్గానిక్ కోర్సులు చదివేటప్పుడు ఈ చిక్కు ఎదురవుతూ ఉంటుంది. మన దగ్గర అర్హత కోర్సు నియమం అంత గట్టిగా లేదు. ఒక సెమిస్టర్ తప్పినా విద్యార్థి తరవాతి సెమిస్టర్ క్లాసులో కూర్చుంటాడు. అది దయగా కనిపించినా, పునాది లేకుండా పై అంతస్తు ఎక్కించడమే అవుతుంది.

ఇక క్రెడిట్ల లెక్క. యూజీసీ 2022 డిసెంబరు చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. సెమిస్టర్‌కు సగటున 20. మూడేళ్లలో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. మిగిలినవి భాషలకు, నైపుణ్య కోర్సులకు, ఇతర శాఖల పాఠాలకు, ఇంటర్న్‌షిప్‌కు. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటలు. ప్రాక్టికల్స్‌లో ఒక క్రెడిట్‌కు 30 గంటలు. ఈ రెండో లెక్కలోనే కెమిస్ట్రీ విద్యార్థుల కష్టం దాగి ఉంది. కాగితం మీద ల్యాబ్ లేని శాఖ విద్యార్థితో సమానంగా 20 క్రెడిట్లే కనిపిస్తాయి. వారంలో కాలేజీలో గడిపే గంటలు మాత్రం వీరికే ఎక్కువ. దానిపైన రికార్డు రాయడం, వైవాకు చదవడం. ఒకే సెమిస్టర్‌లో కర్బన, భౌతిక రసాయనాలు రెండూ ల్యాబ్‌లతో సహా ఉన్నప్పుడు ఎంపిక కోర్సుగా ఇంకో ల్యాబ్ సబ్జెక్టు తీసుకోకుండా, తేలికైన నైపుణ్య కోర్సును అక్కడ పెట్టుకోవాలి.

టైంటేబుల్ వేసేవారికి అసలు పరీక్ష ల్యాబ్‌తోనే. ఆంధ్రప్రదేశ్ సింగిల్ మేజర్‌లో ఒక్కో కోర్సుకు వారానికి మూడు గంటల థియరీ, రెండు గంటల ప్రాక్టికల్ పెట్టారు. రెండు గంటల్లో టైట్రేషన్ చేయొచ్చు. పర్మాంగనేట్‌తో ఫెర్రస్ ఇనుము పరిమాణం కట్టడానికి, ప్రామాణిక ద్రావణం తయారీతో కలిపినా, ఆ సమయం చాలు. గ్రావిమెట్రీకి చాలదు. బేరియం సల్ఫేట్ అవక్షేపం వేడి నీటి తొట్టి మీద గంటసేపైనా నిలవాలి. తరవాత వడపోత, క్లోరైడ్ ఆనవాలు పోయేదాకా కడగడం, మూసలో కాల్చడం, డెసికేటర్‌లో చల్లార్చడం, బరువు స్థిరపడేదాకా మళ్లీ మళ్లీ తూచడం. బెల్ కొట్టేసరికి అవక్షేపం గరాటులోనే ఉంటుంది. అప్పుడు పక్కవాడి విలువ రికార్డులోకి ఎక్కుతుంది. పిల్లల నిజాయితీ లోపించిందని దానికి పేరు పెడతారు గానీ, ఆ అబద్ధాన్ని పుట్టించింది టైంటేబుల్. రెండు కోర్సుల రెండేసి గంటలను కలిపి, ఒక్కో కోర్సుకు వారం విడిచి వారం నాలుగు గంటల ల్యాబ్‌గా మారిస్తే ఇబ్బంది చాలావరకు తీరుతుంది. మొత్తం గంటలు మారవు, క్రెడిట్ల లెక్కా చెడదు.

కొన్ని ప్రయోగాలకు ఒక రోజు సరిపోదు. ఆస్పిరినో ఎసిటనిలైడో తయారుచేసి స్ఫటికీకరణం చేసినా, ఆ స్ఫటికాలు ఆరితేనే ద్రవీభవన స్థానం సరిగ్గా వస్తుంది. కాబట్టి ఆ కొలత వచ్చే వారానికి వెళ్తుంది. మిథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణలో ఆఖరి రీడింగు మర్నాడు తీయాలి, లేదా ద్రావణాన్ని వేడిచేసి చర్యను పూర్తి చేయించాలి. మర్నాడు ఆ బ్యాచ్‌కు ల్యాబ్ లేకపోతే అటెండరో అధ్యాపకుడో తీసిపెట్టిన రీడింగుతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. సెమిస్టర్ మొదట్లోనే ఇలాంటి రెండు రోజుల ప్రయోగాలకు జంట రోజులు కేటాయించుకుంటే మంచిది.

పరికరాల కొరత మరో అవరోధం. డిగ్రీ కాలేజీలో కండక్టోమీటర్, పొటెన్షియోమీటర్, కలరీమీటర్ ఒక్కోటి ఒకటో రెండో ఉంటాయి. ముప్పై మంది బ్యాచ్‌కు అదే ప్రయోగం ఒకే రోజు ఇవ్వడం కుదరదు. చిన్న గుంపులుగా విడగొట్టి ప్రయోగాలను చక్రంలా తిప్పాలి. అప్పుడు సగం మందికి క్లాసులో పాఠం చెప్పకముందే ప్రయోగం చేతికి వస్తుంది. ముందు వారమే రెండు పేజీల వివరణ ఇచ్చి, పది నిమిషాలు ప్రశ్నలడిగి లోపలికి పంపే అధ్యాపకులున్న చోట ఇది ఇబ్బంది కాదు. పైగా చేత్తో చేసి వచ్చినవారికి తరవాత పాఠం తొందరగా ఎక్కుతుంది.

ల్యాబ్ నైపుణ్యాలకూ వాటి వరుస ఉంది. తూచడం, ద్రావణం కట్టడం, బ్యూరెట్ పట్టడం ముందు రావాలి. సాల్ట్ అనాలిసిస్ ఇంటర్‌లో సరళ లవణంతో మొదలై డిగ్రీలో మిశ్రమానికి ఎదుగుతుంది. అందులో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు కాబట్టి గాలి వెలుతురు బాగా ఉన్న గది, పనిచేసే ఫ్యూమ్ హుడ్ ఉండాలి. అవి లేని కాలేజీ ఆ ప్రయోగాలను సూక్ష్మ పరిమాణంలోకి మార్చుకోవాలి. కర్బన సమ్మేళనాల గుర్తింపు, తయారీ ఆ తరవాత. పరికరాలతో కొలతలు, క్రొమటోగ్రఫీ చివర. భద్రత పాఠం మాత్రం మొదటి రోజు మొదటి గంటకే. కళ్లద్దాలు, ఏప్రాన్, ఆమ్లాన్ని నీటిలో పోయాలే తప్ప నీటిని ఆమ్లంలో పోయకూడదన్న సంగతి ముందు పెట్టి, ఆ తరవాతే బీకరు చేతికివ్వాలి.

వాతావరణాన్ని సిలబస్ పుస్తకాలు పట్టించుకోవు. మన ప్రాంతంలో పట్టించుకోకుండా కుదరదు. డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. సరి సెమిస్టర్ల చివరి వారాలు ఏప్రిల్‌లో పడతాయి. అప్పటికి విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. ఆ వేళ ఈథర్‌తో సంగ్రహణం చేయించడం ప్రమాదం. అలాంటి ప్రయోగాలు జనవరి, ఫిబ్రవరి ఉదయాల్లో ముగించాలి. వానాకాలపు బేసి సెమిస్టర్‌లో గాలిలో తేమ ఎక్కువ. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు తూచేలోపే చెమరుస్తాయి. స్ఫటికాలు త్వరగా ఆరవు. బొత్తిగా తేమ తగలకూడని చర్యలను డిసెంబరు తరవాతికి జరపడం మంచిది.

చదువయ్యాక ఎటు వెళ్లాలన్నది తెలిస్తే ప్రణాళికను వెనక నుంచి ముందుకు లెక్కవేసుకోవచ్చు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. కెమిస్ట్రీ పేపర్ సిలబస్‌లో సమాకలనాలు, సాధారణ అవకలన సమీకరణాలు, మాత్రికలు, సంభావ్యత కూడా ఉన్నాయి. ఫిబ్రవరి నాటికి ఆరో సెమిస్టర్ పాఠాలు సగం కూడా కావు. అంటే వర్ణపట శాస్త్రమో క్వాంటం రసాయనమో ఆరో సెమిస్టర్‌లో పెట్టిన కాలేజీ విద్యార్థి వాటిని డిసెంబరులోగా సొంతంగా చదువుకోవాలి. దరఖాస్తు గడువు అంతకు నెలల ముందే ముగుస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్షలు డిగ్రీ చివరి పరీక్షల తరవాత ఉంటాయి కాబట్టి వాటికి అంత తొందర లేదు.

ఉద్యోగం వైపు చూసేవారి వరుస వేరు. హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతాల్లోనూ, విశాఖ దగ్గర పరవాడలోనూ ఔషధ పరిశ్రమలు ఉన్నాయి. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లకు కావాల్సింది హెచ్‌పీఎల్‌సీ నడపడం, దోషాలు లెక్కగట్టడం, చేసిన పనిని చేసినట్టు అప్పటికప్పుడు నమోదు చేయడం. విశ్లేషణ రసాయనం కోర్సును అయిదో సెమిస్టర్‌లోపు పూర్తిచేసి, ఆ తరవాత ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినవారు అక్కడ ఎక్కువ నేర్చుకుంటారు. ఆ పాఠం చదవకుండా రెండో ఏడాది వేసవిలోనే వెళ్తే సీసాలు కడగడం, లేబుళ్లు అంటించడంతోనే నెల గడిచిపోవచ్చు. ఉపాధ్యాయ వృత్తి కోరుకునేవారు బీఈడీలో ఏ మెథడాలజీకి డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలో ప్రవేశ నిబంధనల్లో చూసుకుని, మైనర్ ఎంచుకోకముందే నిర్ణయించుకోవాలి. మూడో ఏడాదిలో తెలిస్తే చేయగలిగింది ఉండదు.

నాలుగో ఏడాది ఎంచుకునేవారికి రెండు దారులు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు అర్హులు. అందులో 12 క్రెడిట్లు పరిశోధన ప్రాజెక్టుకే. మిగిలినవారు ప్రాజెక్టు బదులు కోర్సులు చదివి ఆనర్స్ పొందుతారు. పరిశోధన ఏడాది ఏడో సెమిస్టర్‌లో మొదలైనా, దానికి సన్నాహం అయిదులోనే జరగాలి. మార్గదర్శకుడిని కలవడం, ఆయన ల్యాబ్‌లో ఏ రసాయనాలు, ఏ పరికరాలు ఉన్నాయో చూడటం, వ్యాసాలు చదవడం అలవాటు చేసుకోవడం ముందే కావాలి. బయటి నుంచి తెప్పించాల్సిన రసాయనం చేరడానికి వారాలు పడుతుంది. వర్ణపటాల కోసం నమూనాలను ఇంకో సంస్థకు పంపితే అవి తిరిగి రావడానికీ సమయం కావాలి. ఎనిమిదో సెమిస్టర్‌లో ప్రయోగాలను మార్చి నాటికి ఆపి రాతపని మొదలుపెట్టేలా లెక్క వేసుకుంటేనే నివేదిక సమయానికి పూర్తవుతుంది.

ఎంత జాగ్రత్తగా వేసిన ప్రణాళికైనా మధ్యలో చెదరొచ్చు. జ్వరం, ఇంట్లో ఇబ్బంది, తప్పిన పేపర్. బ్యాక్‌లాగ్ వచ్చినప్పుడు దాన్ని ఎప్పుడు రాయాలన్నది ఆ కోర్సు మీద ఏ కోర్సులు ఆధారపడి ఉన్నాయో చూసి తేల్చాలి. మొదటి కర్బన రసాయన పేపర్ తప్పితే రెండో కర్బన పేపర్ పరీక్షకన్నా ముందే దాన్ని చదివి ముగించాలి, పరీక్ష తేదీ వెనకైనా సరే. పర్యావరణ విద్య వంటి స్వతంత్ర కోర్సు తప్పితే అది చివరి దాకా ఆగగలదు. ప్రాక్టికల్ తప్పితే మాత్రం ఆలస్యం కూడదు. థియరీ పేపర్‌ను ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, బ్యూరెట్ ఇంట్లో ఉండదు. తరవాతి బ్యాచ్ అదే ప్రయోగాలు చేసే సెమిస్టర్ మళ్లీ ఏడాదికి గానీ రాదు కాబట్టి, ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగి ఆ బ్యాచ్‌తో పాటే బెంచీ మీద చోటు సంపాదించుకోవాలి.